పశువుల డాక్టరు ఇచ్చిన నైట్రోజన్

తొంభై నాలుగులో నేను తిరుపతిలో ఒక విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర శాఖలో రీడర్‌ని. స్ఫటికంలో చిటికెడు రాగి కలిపి, అయస్కాంతాల మధ్య పెట్టి, ఆ రాగి చుట్టూ అణువులు ఎలా అమరాయో రికార్డరు గీసే గీతల్లో చదవడం మా పని.

ఐరాల నుంచి వచ్చిన రేణుక నా దగ్గర పరిశోధన చేసేది. జింకు లవణాన్ని నీళ్లలో కరిగించి, బీకరు మీద సూదితో బెజ్జాలు పొడిచిన కాగితం కట్టి, నెలల తరబడి ఆరనిస్తే గోరంత స్ఫటికం వచ్చింది. రాగికి మామూలుగా నాలుగు గీతలు రావాలి. దీనికి వెడల్పాటి గీత ఒక్కటే వచ్చింది. రాగి ఎక్కువై గీతలు కలిసిపోయాయని, పారేసి మళ్లీ పెంచమని శాఖాధిపతి తేల్చేశారు. ఈలోపు ఆ పిల్ల ఫెలోషిప్ గడువు అయిపోతుంది. మళ్లీ పెంచడమంటే చదువు మానుకోవడమే.

“చిటికెడే ఏసినాను సార్. నా మాట నమ్మరా?” అంది.

గీతలు కలిసిపోవడానికి ఇంకో కారణం ఉండవచ్చనిపించింది నాకు. రాగి చుట్టూ ఆరు నీటి అణువులు అన్నివైపులా సమానంగా ఉంటే, దాని ఎలక్ట్రాన్లు అణువుల కంపనాలతో జతకట్టి ఆ అమరికను ఒక దిక్కుకు సాగదీస్తాయి. అలాంటి దిక్కులు మూడు. మామూలు వేడిలో ఆ సాగుడు ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకు ఎంత వేగంగా మారుతుందంటే, మా యంత్రానికి మూడింటి సగటే కనిపిస్తుంది. బాగా చల్లబరిస్తే ఈ గెంతులు ఆగి గీతలు విడిపోవాలి. రాగే ఎక్కువైతే ఎంత చల్లబరిచినా విడిపోవు.

అందుకు ద్రవ నైట్రోజన్ కావాలి. దాన్ని తయారుచేసే మా ప్లాంటేమో మూలపడింది. చిత్తూరు దగ్గర ఎద్దుల వీర్యాన్ని గడ్డకట్టించి నిల్వచేసే పశువుల డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్లాం.

“మీ ఉప్పురాయికా సార్? ఈడ ఆవులన్నీ నన్నే నమ్ముకోని ఉండాయి,” అని నవ్వి, నైట్రోజన్ ట్యాంకరు రేపు వస్తుందిలే అని ఒక క్యాను నింపి ఇచ్చాడు. బస్సులో క్యాను మూతి నుంచి తెల్లటి ఆవిరి చూసి కండక్టరు అడ్డం తిరిగాడు. ఎవరిచ్చారో రేణుక చెప్పగానే మెత్తబడ్డాడు.

“మా ఆవుకూ ఆయప్పే సూదేసినాడు. కూసో తల్లీ.”

ఆ సాయంత్రం శాఖాధిపతి కూడా వచ్చి నిలబడ్డారు. స్ఫటికం చల్లబడేకొద్దీ ఆ ఒక్క గీతా అణిగిపోయింది. కలం కాగితం మీద తిన్నగా సాగుతోంది. రేణుక కళ్లు మూసుకుంది. ఇంకాస్త చల్లబడి గెంతులు పూర్తిగా ఆగాక కలం లేచింది, వరసగా నాలుగు గీతలు గీసింది. శాఖాధిపతి వాటిని రెండుసార్లు సరిచూసి, సిద్ధాంత గ్రంథం రాయడం మొదలుపెట్టమ్మా అన్నారు. ఆ మాటకు రేణుక ఏడ్చేసింది.

ఒక్క ఉష్ణోగ్రతలో తీసిన గీత సగటునే చూపిస్తూ ఉండవచ్చు, స్ఫటికాన్ని కాదు. రిటైరయ్యే దాకా నా గదిలో ఏ విద్యార్థి స్ఫటికాన్నీ రెండో ఉష్ణోగ్రతలో చూడకుండా పారేయనివ్వలేదు.