మేకల వెబ్‌సైట్‌కు ముఠా సాయం

"ఇయ్యాల ఎంతమంది చూసిండ్రు?" అని అడిగాను నేను. "పదకొండు మంది. అండ్ల తొమ్మిది మంది మనోళ్లే," అన్నాడు మా ఆయన, కంప్యూటర్ మీంచి తల తిప్పకుండా. మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఆ మధ్యాహ్నమే గుండె పట్టేసి పోయాడు. మొగుడూ పెళ్లాల ఆఖరి మాటలంటే కొంచెం బరువుగా ఉండాలి కదా, మావి మాత్రం మేకల వెబ్‌సైట్‌ను ఎంతమంది చూశారన్న దగ్గర ఆగిపోయాయి. ఇంకో మాట ఏదైనా అడిగి ఉంటే బాగుండేదని మొదట్లో ఏడ్చాను. ఇప్పుడైతే, ఆ మాటే సరైన మాట అనిపిస్తోంది. ఎందుకో చెబుతాను. (నాకు సంతకం వరకే వచ్చు. రాస్తున్నది మా ఆయన అక్క, బడిలో టీచరు. నా మాటను సాఫు చేసి రాస్తోంది. మనుషులు మాట్లాడుకున్నవి మాత్రం ఉన్నదున్నట్టు పెట్టమన్నాను.)

తెలంగాణ వచ్చిన కొత్తలో, మా పెళ్లయి రెండేళ్లు దాటని ఆ రోజుల్లో, ఫోన్ అంటే మాట్లాడి పెట్టేసేదే అనుకునేవాళ్లం. అందులో పైసలు కూడా ఉంటాయని మా కేతేపల్లి దిక్కు మొదట చెప్పినవాడు మా ఆయనే. అప్పుడాయన కట్టంగూర్‌లో రోడ్డు మీది జిరాక్స్ షాపులో పనిచేసేవాడు. షాపాయన ఉన్నట్టుండి దుకాణం ఎత్తేసి, ఆగిపోయిన జీతం కింద పాత కంప్యూటర్ ఒకటి ఇచ్చి పంపాడు. దాన్ని బియ్యం బస్తా మీద పెట్టుకుని ఆటోలో తెచ్చాడు, కొత్త కోడలిని తెచ్చినంత పదిలంగా. ఆ వారమే హైదరాబాద్ నుంచి మా బావ, అంటే మా ఆయన అన్న, ఫోన్ చేశాడు. ఆయన అక్కడ ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ల మీద పెద్ద. తమ్ముడికి పని చూశాననీ, మెట్ల కింద గది కూడా ఇస్తారనీ, దసరా దాకా ఆ జాగా పట్టి ఉంచుతాననీ చెప్పాడు. మరి నా మేకలో అని నేను పక్కనుంచి అడిగితే, "మెట్ల కింద మనుషులే వంగి పడుకుంటరు, మేకలెక్కడ పడుకుంటయమ్మా," అన్నాడు. నాకు ఐదు మేకలు, నాట్లకు పోయే పన్నెండు మంది ఆడవాళ్ల ముఠా, ఇంతే లోకం. రెండూ వదిలి ఆ మెట్ల కిందికి పోవడం నాకు సుతరామూ ఇష్టం లేదు. పోకుండా ఉండాలంటే దసరాలోపు మా ఆయనకు ఊళ్లోనే బతుకుదెరువు దొరకాలి.

దానికి ఆయన కనిపెట్టిన దారి వెబ్‌సైట్. నేను పుట్టింది మేకల ఇంట్లో. దేని కడుపు ఎందుకు ఉబ్బిందో, ఏది ఎందుకు మేత ముట్టడం లేదో చెవి పట్టుకుని చెబుతాను. నేను చెప్పడం, ఆయన టైపు కొట్టడం. నేను "థూ, ఆ మందు వద్దు" అంటే ఆ థూ కూడా కొట్టేవాడు. వెబ్‌సైట్‌లో పక్కన ప్రకటనల బొమ్మలు వస్తాయి, ఎవరైనా వాటి మీద నొక్కితే మనకు పైసలు పడతాయి అని చెప్పాడు. మొదటి బొమ్మ వచ్చిన రోజు ఇద్దరం పీట వేసుకుని చూశాం. పైన మేకకు కడుపుబ్బరం వస్తే ఏం చేయాలో ఉంది. కింద వేడివేడి దమ్ బిర్యానీ ఇంటికే తెచ్చిస్తామని ఉంది. "బతికిచ్చేది మనమే, వండిపెట్టేది మనమేనా?" అన్నాను. దాని మీద మనకు అధికారం ఉండదట, కంపెనీ ఏది పంపితే అదేనట. నెల గడిచేసరికి పడింది కట్టంగూర్ టీకి కూడా చాలదు. పైగా ఇంత మొత్తమని చేరి కుండ నిండితే గానీ కంపెనీ వంచదట. ఈ లెక్కన నిండేసరికి మెట్ల కింద నాకు జుట్టు నెరుస్తుంది.

మా ఆయన ఒక్కటే గట్టిగా చెప్పాడు. మన ఇంట్లోవాళ్లం మాత్రం నొక్కొద్దు, అది దొంగతనం. ఆ మాట నాకు బాగా అర్థమైంది. (బాగా అర్థమైందనుకోవడంతోనే వచ్చింది తంటా.) మా ముఠాలో బదులు పని అని ఒకటి ఉంది. ఇవాళ నా మడికి నువ్వొచ్చి నాటు వేస్తే, రేపు నీ మడికి నేనొస్తాను. పైసలు చేతులు మారవు. ఇంట్లోవాళ్లు చేసింది బదులు కిందికి రాదు, బయటివాళ్లు చేసిందే వస్తుంది. ఇదీ అంతేననుకున్నాను. మధ్యాహ్నం గట్టు మీద సద్దులు విప్పినప్పుడు నా కష్టం చెప్పుకున్నాను. ముఠా మేస్త్రమ్మ అని మేము పిలుచుకునే ఆమె ముద్ద మింగి, "ఇంత సిన్న పనికి ఏడుస్తవేందే? నొక్కుడే కదా," అంది. ఇళ్లలో ఉన్న ఫోన్లన్నీ తెప్పించింది. కొడుకులవి, అల్లుళ్లవి, ఒకామె మొగుడి జేబులోంచి చెప్పకుండా తెచ్చింది. అందరినీ నాటు వేసే వరసలోనే కూర్చోబెట్టి, మనిషికి పది నొక్కుళ్లని పంచింది. బురద బొటనవేళ్లతో కొంగుకు తుడుచుకుంటూ నొక్కారు. ఎవరైనా ఆరు దగ్గర ఆగితే, "నాట్ల కాడ గూడ గిట్లనే సందులు ఇడుస్తవు నువ్వు," అని మేస్త్రమ్మ తిట్టేది. ఒకామె నొక్కిన చోట బీమా కంపెనీ ఉండి, అక్కడి అమ్మాయి రోజూ ఫోన్ చేసేది. మా ముఠా ఆమె రోజూ తన కోడలి సంగతి చెప్పుకునేది. చివరికి ఆ అమ్మాయే ఫోన్ ఎత్తడం మానేసింది.

పది రోజులు ఇలా సాగింది. మా ఆయన ముఖం దీపంలా వెలిగిపోయింది. మేకల విద్య దేశమంతా పాకిందనుకుని, హుజూర్‌నగర్ నుంచి కూడా చూస్తున్నారని బావకు ఫోన్‌లో గొప్పలు చెప్పాడు. నేను లోలోపల మురుస్తూ ఊరుకున్నాను. పదకొండో రోజు కంపెనీ నుంచి కంప్యూటర్‌లోకి ఉత్తరం వచ్చింది. నొక్కుళ్లు నిజమైనవి కావు, ఖాతా మూసేశాం, పడిన పైసలు వెనక్కి తీసుకున్నాం అని. ఆయన తానేం తప్పు చేశానోనని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. చూడలేక చెప్పేశాను. తిట్టలేదు. నవ్వు ఆపుకోవడానికి బయటికి పోయి మేకలను కట్టేసి వచ్చాడు. (అవి అప్పటికే కట్టేసి ఉన్నాయి.)

తర్వాత ఇద్దరం కూర్చుని కంపెనీకి జవాబు రాశాం. నేను చెప్పింది చెప్పినట్టు కొట్టాడు. మా ముఠాలో ఎవరూ దొంగలు కారు, ఇది మా దగ్గర బదులు పని, కావాలంటే మీ మడి ఎక్కడో చెప్పండి, ముఠా అందరం వచ్చి ఒకరోజు నాటు వేసి పోతాం అని. టీ మరిగేలోపే తిరుగు ఉత్తరం వచ్చింది. మొదటిది ఎలా ఉందో అదీ అలాగే ఉంది. అటువైపు మనిషి లేడు, మెషిన్ అన్నాడు మా ఆయన. మడి లేని మెషిన్‌తో ఏం మాట్లాడతాం?

దసరా దగ్గరపడింది. బావ రమ్మన్నాడు. మూట కట్టడం మొదలుపెట్టాను. మేకలకు బేరం కూడా వచ్చింది. అప్పుడు మేస్త్రమ్మ వచ్చి గడపలో కూర్చుంది.

"పోతున్నవట?"

"పోతున్నక్కా. ఇంకేం జేస్త?"

"మరి మా బదులో? పన్నెండు మందిమి నొక్కినం. మనిషికి ఒక్క దినం. పత్తి ఏరి పో."

"కంపెనీ పైసలియ్యలేదక్కా."

"అది నీకు కంపెనీకి మాట. మేం నీకు నొక్కినం."

మా ఆయన బావకు ఫోన్ చేసి, ఈమెకు ఊళ్లో బాకీ ఉంది, అది తీరేదాకా రాలేమని చెప్పాడు. ఎంతో చెప్పు, నేను పంపుతా అన్నాడట బావ. "పైసలు గాదన్నా, వంగుడు. పన్నెండు దినాల వంగుడు," అన్నాడు ఈయన.

పన్నెండు రోజులంటే పన్నెండు కాదు. వాన పడితే ఏరడం ఉండదు. పత్తి పగలకపోతే ఉండదు. ఎనిమిది అయ్యాక నాకు జ్వరం వచ్చింది. మూడో రోజు మా ఆయన మంచం పక్కన కూర్చుని నుదురు ముట్టి చూశాడు. చల్లగా ఉంది.

"ఎప్పుడు తగ్గుతదే ఈ జ్వరం?"

"దసరా అయినంక తగ్గుతది."

"అట్లనే కానియ్," అని, దుప్పటి నా గడ్డం దాకా కప్పి పోయాడు.

పండుగ అయ్యేసరికి బావ ఆ జాగా ఇంకొకరికి ఇచ్చేశాడు. మా ఆయన అప్పు చేసి పాత జిరాక్స్ మెషిన్ తెచ్చి ఇంటి ముందు గదిలోనే పెట్టుకున్నాడు. వెబ్‌సైట్ ప్రకటనలు లేకుండానే నడిచింది. పైసా రాకపోయినా రోజూ నేను చెప్పేదాన్ని, ఆయన కొట్టేవాడు. ఎంతమంది చూశారని రోజూ అడిగేదాన్ని, ఆఖరి రోజూ అదే అడిగాను. దొంగ జ్వరంతో దుప్పటి కింద ఊపిరి బిగబట్టి పడుకున్న ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నాకు నవ్వొస్తుంది. అంత కష్టపడి నటించనక్కర్లేదే పిచ్చిదానా, ఆయనకూ పోవాలని లేదు అని దానికి చెప్పాలనిపిస్తుంది.

ఇగ చాలు వదినె. కండ్లు తుడుసుకునుడు తర్వాత. జర మొదటి నుంచి సదివి వినిపించు, ఆయన మాటలు వచ్చిన కాడ మెల్లగ సదువు.