మొదటి గంటలో రెండు ముద్దలు

మా వదిన సుశీల కూరగాయను ఇంట్లో నిల్వ ఉంచగా నేనెప్పుడూ చూడలేదు. దబీర్‌పురా స్టేషన్ వెనక గల్లీలో మా ఇల్లు. ఫ్రిజ్ ఉండేది గాని, అందులో మంచినీళ్ల సీసాలు, పాలు, పెరుగు తప్ప మరేమీ కనిపించేవి కావు. పొద్దున ఆరున్నరకల్లా ఆమె మీర్ ఆలం మండికి నడిచి వెళ్లేది. ఆటోల మీది నుంచి గోనె మూటలు దిగే వేళకు అక్కడ ఉండాలి. ఎనిమిది దాటితే కూరల మీద నీళ్లు చల్లుతారు. నీళ్లు చల్లాక కూర నిగనిగలాడుతుంది గాని ఎప్పుడు కోసిందో చెప్పదు అనేది వదిన.

ఆకుకూరలమ్మే బీరయ్య ఆమెను దూరం నుంచే చూసి తల పట్టుకునేవాడు. ఆమె కట్ట విప్పుతుంది, వేర్లకున్న మట్టి తడి చూస్తుంది, మళ్లీ కట్టి పక్కన పెట్టి ఇంకోటి తీస్తుంది.

"కూర కొంటున్నవా, పెండ్లికి పిల్లను సూస్తున్నవా సుశీలమ్మా?"

"పిల్లనైతె నీ మాట మీద తీస్కపోత. కూర గట్ల తీస్కపోను."

వానలు పడితే బోడకాకర, చలికి చిక్కుడు, ఎండలు ముదిరేలోగా మామిడికాయ. ఏ కూరలోనూ నాలుగైదు వస్తువులకు మించి పడేవి కావు. ఉల్లిగడ్డ, పచ్చిమిరప, కాస్త ఎల్లిపాయ, ఉప్పు. గరం మసాలా డబ్బా మా ఇంట్లో అటక మీదే ఉండేది. నాకు పదేళ్లప్పుడు అమ్మ పోయింది. మరుసటి ఏడే అన్న పెళ్లయింది. అప్పటి నుంచి నేను తిన్న అన్నమంతా వదిన చేతిదే. వాళ్లకు పిల్లలు కలగలేదు, నేను పెళ్లి చేసుకోలేదు. ముగ్గురం ఆ రెండు గదుల్లోనే పెద్దవాళ్లమయ్యాం.

అన్న పేరు ప్రేమ్‌రాజ్. రైల్వేలో కీమన్. భుజాన సుత్తి వేసుకుని రోజూ మైళ్ల కొద్దీ పట్టాల వెంట నడిచి బిగింపులు చూసుకునే పని. మధ్యాహ్నం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని నేల మీద కూర్చునేవాడు. మాట్లాడకుండా తినేవాడు. ఆయన తింటుంటే వదిన పొయ్యి ముందు నుంచి కదిలేది కాదు. ఆయన చెయ్యి ప్లేటులో ఎంత తొందరగా తిరుగుతుందో అదే ఆమెకు లెక్క.

రిటైరైన మూడో ఏడు నడి చలికాలంలో అన్నకు కాళ్లు వాచాయి. తర్వాత ముఖం. ఆస్పత్రిలో రెండు మూత్రపిండాలూ పనిచేయడం లేదన్నారు. మంగళ, గురు, శనివారాల్లో పొద్దున్నే వెళ్లి నాలుగు గంటలు మెషిన్ మీద పడుకోవాలి. మెషిన్ రక్తాన్ని కడుగుతుంది. మధ్య రోజుల్లో తిండిలో తేడా వస్తే కడగాల్సిన విషం గుండెకు చేరుతుంది. ఇది మాకు అర్థమయ్యేలా చెప్పి, ఏం తినకూడదో తెలుగులో అచ్చేసిన ఒక కాగితం ఇచ్చారు.

అచ్చు తప్పులు దిద్దడం నా ఉద్యోగం. కాగితం నేనే చదివాను. తోటకూర, పాలకూర, పుంటికూర, మెంతికూర, మునగాకు వద్దు. టమాట వద్దు. చింతపండు వద్దు. మిగతా కూరగాయలు కోసి, నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఉడికించి, ఆ నీళ్లూ పారబోసి వండాలి. ఉప్పు పేరుకు మాత్రమే.

వదిన ఒక్కటీ తప్పకుండా చేసింది. మండి నుంచి మంచు ఆరని బీరకాయ తెచ్చి, కోసి, నానబెట్టి, ఉడికించి, ఆ పచ్చటి నీళ్లను మోరీలో పోస్తూ నిలబడేది. ఒకరోజు నాతో అంది: "కమ్మదనమంత మోరీకి పెడుతున్న సాగర్. మనిషికి పిప్పి పెడుతున్న."

అన్న తినలేదు. రెండు ముద్దలు నోట్లో పెట్టుకుని, మింగలేక, పక్కకు తిరిగేవాడు. జబ్బుతో నోటి రుచి ముందే చెడింది. "పట్టాలు నాకినట్టున్నది" అన్నాడు. రెండు నెలల్లో పదకొండు కిలోలు తగ్గాడు. చొక్కా భుజాల మీద నుంచి జారిపోయేది. డాక్టరు వదినను పక్కకు పిలిచి, తినకపోతే మెషిన్ ఒక్కటే మనిషిని నిలబెట్టలేదని, ఇలాగే చిక్కిపోతే కొద్దిరోజులకు మెషిన్‌ను కూడా ఒళ్లు తట్టుకోలేదని చెప్పాడు. ఆ రోజు నుంచి వదినకు ప్రపంచంలో ఒకటే పని మిగిలింది. అన్న నోట్లోకి అన్నం వెళ్లాలి.

ఉగాది వెళ్లిన వారానికి ఆమె మండి నుంచి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది. సంచి బోర్లిస్తే చింతచిగురు. లేత ఎరుపు, మధ్యలో పసిమి ఆకుపచ్చ, గోరంత ఆకులు.

"గా కాయితం తీసి ఇంకోపారి సదువు సాగర్."

చదివాను. ఆమె వేలితో ఒక్కో పేరూ లెక్కపెట్టుకుంటూ వింది.

"చింతపండు వద్దన్నరు. టమాట వద్దన్నరు. మరి పులుపు లేకపోతె ఆయన నోరు ఎట్ల లేస్తది? చిగురేస్తె చింతపండుతోని పనే లేదు గదా. చిగురు వద్దని రాసిండ్రా?"

కాగితాన్ని పైనుంచి కిందికి మళ్లీ చూశాను. ఆ మాట ఎక్కడా లేదు.

"లేదు వదినా" అన్నాను.

ఆమె గడపలో కూర్చుని చిగురును రెండు అరచేతుల మధ్య వేసి నలిపింది. ఈనెలు వేరై చాటలో పడ్డాయి. కందిపప్పు మెత్తగా ఉడికించి, పచ్చిమిరపతో చిగురు మగ్గించి అందులో కలిపింది. పైన జీలకర్ర, ఎల్లిపాయ తాలింపు. ఆ వాసనకు మంచం మీదున్న అన్న లేచి, గోడ పట్టుకుని వంటింటి దాకా వచ్చాడు. కుర్చీ వద్దని నేల మీదే కూర్చున్నాడు. ప్లేటు ఖాళీ అయ్యాక ఏమీ అనకుండా ముందుకు జరిపాడు. మూడు నెలల్లో ఆయన మారు అన్నం పెట్టించుకోవడం అదే మొదటిసారి.

ఆ పది రోజులూ మా ఇంట్లో పండుగలాగే ఉంది. చిగురు పప్పు, చిగురు పొడి, ఒకనాడు చిగురులో నాలుగు మాంసం ముక్కలు. నేనూ పక్కన కూర్చుని తిన్నాను. అన్న ముఖంలోకి రంగు వచ్చిందని పక్కింటివాళ్లు కూడా అన్నారు.

పదకొండో రోజు సోమవారం. పొద్దున అన్న మంచం దిగబోయి దిగలేకపోయాడు. కాళ్లు తనవి కానట్టున్నాయన్నాడు. ఛాతీ మీద చెయ్యి పెడితే గుండె ఆగి ఆగి కొట్టుకుంటోంది. ఎత్తుకుని ఆటోలో తీసుకెళ్లాం. రక్తం పరీక్ష చూసి వాళ్లు పరుగులు పెట్టారు, సూదులు వేశారు, వెంటనే మెషిన్ మీద పడుకోబెట్టారు. ఒక చిన్న వయసు డాక్టరమ్మ కాగితం పట్టుకుని వచ్చి, ఏం తిన్నాడని అడిగింది.

వదిన చాలా రోజుల తర్వాత చెప్పుకోదగ్గ మాట దొరికినట్టు చెప్పింది. "పది దినాల సంది కడుపునిండ తింటుండు మేడం. చింతచిగురు పప్పు."

డాక్టరమ్మ పెన్ను ఆగింది. "ఆకుకూరలు పెట్టొద్దని చెప్పాం కదమ్మా."

"ఆకుకూర పెట్టలే మేడం. చిగురు."

"చిగురంటే ఆకే కదమ్మా."

వదిన నా వైపు చూసింది. మా ఇంట్లో ఆకుకూర అంటే మడిలో మొలిచేది, కట్ట కట్టి అమ్మేది, పేరు చివర కూర అని ఉండేది. చిగురు చెట్టు మీది నుంచి వస్తుంది, తూకానికి అమ్ముతారు, మామిడికాయలాగ పులుపు కోసం వేస్తారు. దాన్ని ఆకుకూర అని మా గల్లీలో ఎవరూ అనగా నేను వినలేదు. డాక్టరమ్మ చెప్పింది కూడా అబద్ధం కాదు. చదువుకున్నవాణ్ణి, అక్షరం అక్షరం చూసేవాణ్ణి, నాకా పూట ఆ మాట ఎందుకు తోచలేదో ఇప్పటికీ తెలియదు.

అన్న బతికాడు. నాలుగో రోజు ఇంటికొచ్చాడు. వదిన మళ్లీ నానబెట్టి, ఉడికించి, పారబోయడం మొదలుపెట్టింది. ఆయన ప్లేటు ముట్టలేదు. ఒక మధ్యాహ్నం దాన్ని చేత్తో నెట్టేశాడు. మెతుకులు చాప మీద పడ్డాయి.

"ఉపాసం పెట్టి సంపుతవా నన్ను?"

"తినవెట్టి సంపబోతి గదా" అంది వదిన. ఆమె మెతుకులు ఏరుతూనే అంది. గొంతు పెంచలేదు.

పెడితే ఒక చావు, పెట్టకపోతే ఇంకో చావు. మధ్యలో నిలబడడానికి ఆమెకు చోటు లేదు. మండికి వెళ్లేది, ఉత్త సంచితో తిరిగొచ్చేది. ఒకసారి నేను వెళ్తే బీరయ్యే అన్నాడు, సుశీలమ్మ చిగురు కుప్ప ముందు నిలబడి చేతులు వెనక్కు కట్టుకుంటుందని.

దారి చూపింది మెషిన్ల గదిలో పనిచేసే నర్సు బేబీ. వదిన బయట బెంచీ మీద కూర్చుని ఏడవడం ఆమె చూసింది. సంగతంతా విని లోపలికి వెళ్లి, పెద్ద డాక్టరును అడిగి వచ్చింది.

"ఆంటీ, మెషిన్ పెట్టిన మొదటి గంటల చిగురు పప్పు కొంచెం తినొచ్చన్నరు సార్. తిన్నది అప్పుడే కడిగేస్తది. రెండు ముద్దలు. రెండంటే రెండే. ఇంట్ల మాత్రం ముట్టొద్దు. నేను పక్కనుండి సూస్త."

మంగళవారం పొద్దున మెషిన్ మొదలై పది నిమిషాలయ్యాక వదిన స్టీలు డబ్బా మూత తీసింది. ఒక చేతికి గొట్టాలున్నాయి కాబట్టి అన్న కదలకూడదు. ఆమె కలిపి, నిమ్మకాయంత ముద్ద చేసి ఆయన నోట్లో పెట్టింది. ఆయన వెంటనే మింగలేదు. కళ్లు మూసుకుని నాలుక మీద అటూ ఇటూ తిప్పుకున్నాడు. పక్క మంచాల వాళ్లు తలలు తిప్పి చూశారు. "ఏందమ్మా గది, గింత వాసన?" అని ఒక ముసలాయన అడిగాడు. వదిన సిగ్గుపడింది. చాలా కాలానికి ఆమె ముఖంలో అది చూశాను.

ఆ రెండు ముద్దలు అన్నకు వారానికి మూడుసార్లు. వాటి కోసం ఆయన పొద్దున్నే తానే లేచి చొక్కా వేసుకునేవాడు. విచిత్రంగా, ఇంట్లో పిప్పి కూర కూడా నాలుగు ముద్దలు మింగేవాడు. ఎల్లుండి ఉంది కదా అనేవాడు. ఒక కిలో పెరిగాడు. తూకం చూసి డాక్టరు మొదటిసారి తల ఊపాడు. వదిన ఆ కిలోను గల్లీలో అందరికీ చెప్పింది.

మృగశిర దాటింది. వానలు పడ్డాయి. చిగురు ముదిరి ఆకైపోయింది. మండిలో కుప్పలు తగ్గాయి, తర్వాత లేనే లేవు. వదిన పురానాపూల్ దాకా వెళ్లి వెతికింది, కార్వాన్‌లో ఇంటి ముందు చెట్టున్న వాళ్లను బతిమాలింది. ఆషాఢంలో ఒక శుక్రవారం బీరయ్య ఎక్కడో నరికిన చెట్టుకు మళ్లీ వేసిన చిగురు గుప్పెడు తెచ్చి ఇచ్చాడు. ఇదే ఆఖరన్నాడు.

శనివారం ఆ డబ్బా తీసుకుని వెళ్లాం. గుప్పెడు చిగురు మూడు ముద్దలకు సరిపోయింది. వదిన తక్కువ చేసి వండడం ఎరగదు. అన్న రెండు ముద్దలూ తిన్నాడు. ఎప్పుడూ రెండోది మింగాక తల పక్కకు వాల్చేవాడు. ఆ రోజు నోరు తెరిచే ఉంచాడు.

వదిన డబ్బా మూత పెట్టింది.

గొట్టాలు లేని చేత్తో ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "ఒక్కటి సుశీలా."

ఆమె బేబీ వైపు చూసింది. బేబీ తల అడ్డంగా ఊపింది. వదిన ఆయన వేళ్లు ఒక్కొక్కటే విడిపించుకుంది. "మంగళారం పెడ్త" అంది. మంగళవారానికి చిగురు లేదని ఆమెకు తెలుసు, ఆయనకూ తెలుసు. డబ్బా పట్టుకుని బయటికి వెళ్లిపోయింది. తిరుగు దారిలో ఆటోలో అన్న రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు.

సోమవారం పొద్దున వదిన బియ్యం కడుగుతుండగా అన్న పోయాడు. నీళ్లడిగాడని నేను గ్లాసు తెచ్చేలోపు అయిపోయింది. గుండె అలసిపోయిందని, తిండి వల్ల కాదని, ఇన్నాళ్లుండడమే ఎక్కువని డాక్టరు చెప్పాడు. బేబీ కూడా ఇంటికొచ్చి, మీరు చేసింది రైటేనని వదిన చేతులు పట్టుకుని చెప్పింది. వదిన అన్నిటికీ తలూపింది.

దినాలయ్యాక ఆమె పొయ్యి ముట్టించలేదు. నేనే అన్నం వండి, చారు కాచి ముందు పెట్టేవాణ్ణి. తినేది కాదు. ఒక మధ్యాహ్నం చాలా బతిమాలాక, ప్లేటు చూస్తూ చెప్పింది.

"మూడో ముద్ద నేనే తిన్న సాగర్."

నాకు అర్థం కాలేదు.

"డబ్బ కడుగుదామని ఆస్పత్రి నల్లా కాడికి పోయిన. పారబోయనీకి చెయ్యి రాలే. నోట్లె పెట్టుకున్న. మస్తు కమ్మగుండె. లోపట ఆయన నోరు తెరుసుకోని పండుకున్నడు, ఈడ నాకు కమ్మగుండె. గట్లెట్ల ఉంటది సాగర్?"

ఆయన పోయి ఏడాది దాటింది. ఆమె ఇప్పటికీ అప్పుడప్పుడూ ఆ మాట అడుగుతుంది. నేను అన్నం ప్లేటు ఆమె ముందుకు జరుపుతాను. ఆమె వెనక్కు జరుపుతుంది.