పాలమూరు మామ ఇంటి అంబలి

నా చిన్నప్పుడు దీపాలు పెట్టే వేళ దాటితే మా ఊళ్ళో ఒక ఇంటి ముందు నుంచి ఎవరూ నడిచేవారు కాదు. ఆ ఇంట్లోంచి పాట వినిపించేది. ఉండేది ఐదుగురు, భార్యాభర్తలూ ముగ్గురు ఆడపిల్లలూ. గొంతులు మాత్రం ఇంకా ఎక్కువమందివి వినిపించేవి. ఒకరు పై నుంచి అందుకుంటే ఒకరు అడుగు నుంచి పట్టేవారు, మధ్యలో మరో గొంతు దారంలా సాగేది. మాకు తెలిసిన పాటలన్నీ ఒకే దారిన నడిచేవి. ఈ పాట ఒకేసారి నాలుగు దారుల్లో బయలుదేరి ఎక్కడో కలిసేది. అలా కలిసేటప్పుడు ఎవరో కొత్తమనిషి గొంతు కలిపినట్టు ఉండేది. "ఆళ్ళతో పాటు ఇంకెవులో పాడతన్నారు" అనేవారు మా వీధి ఆడవాళ్ళు, తలుపులు మూసుకుంటూ.

మాది గుణుపూరుకు ఎగువన, వంశధారలో కలిసే ఒక గెడ్డ పక్కన ఉన్న ఊరు. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అక్కడ భూములు చేసుకున్నారు. కొండ మీద సవరలు, కింద మేము, సంతకెళ్తే ఒరియా. ఈ కుటుంబం మాత్రం దేనిలోనూ ఇమడలేదు. వాళ్ళు పాలమూరు నుంచి వచ్చారు కాబట్టి ఆ ఇంటాయన్ని పిల్లలందరం పాలమూరు మామ అనేవాళ్ళం. అక్కడ వానలు లేక, నీళ్ళున్న నేల వెతుక్కుంటూ వచ్చి, మా శ్మశానం పక్కన ఎవరూ దున్నని బీడు కొన్నాడు. శవాలు కాలే చోటికి అంత దగ్గర నాగలి పెట్టడానికి మావాళ్ళకు మనసొప్పేది కాదు. ఆయన అక్కడే చోళ్ళు, అంటే రాగులు, పండించాడు. వాటిని తైదలు అనేవాడు.

వాళ్ళు క్రైస్తవులు. క్రైస్తవుల్లోనూ మెన్నోనైటులు. పెద్దయ్యాక తమంతట తాము నమ్మితేనే బాప్తిస్మం తీసుకుంటారు. ఎవరి మీదా చెయ్యెత్తరు, ఎవరి ముందూ ఒట్టు పెట్టరు. ఆ పేరు మా ఊళ్ళో ఎవరికీ నోరు తిరగక "మేనా వోళ్ళు" అనేసేవారు. వాళ్ళ పెద్దలెవరో మేనాలు మోసేవారు కాబోలని నేను చాలాకాలం అనుకున్నాను. ఆయన పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, గడప మీద కూర్చుని కూతుళ్ళకు తనే జడలు వేసేవాడు. భార్యకు నడుం పట్టేసిన రోజున బిందె భుజాన పెట్టుకుని గెడ్డకు వెళ్ళేవాడు. మగవాళ్ళు నవ్వుకునేవారు. ఆయనకు వినిపించేది, కానీ జడలు వెయ్యడం మానలేదు.

చిన్న కూతురు నా ఈడుది. దానితో ఆడుకుంటూ ఒకసారి వాళ్ళింటి వెనక గదిలోకి వెళ్ళాను. గోడవారగా వేగిస చెక్కతో చేసిన పొడవాటి పెట్టె ఉంది. తల వైపు వెడల్పుగా, కాళ్ళ వైపు సన్నగా. చూడగానే అది దేనికో తెలిసిపోయింది, గుణుపూరు బజారులో ఒకసారి అలాంటిదాన్ని మోసుకెళ్తుంటే చూశాను. పరుగెత్తబోయేసరికి గుమ్మంలో పాలమూరు మామ నిలబడి ఉన్నాడు.

"భయమెందుకు బిడ్డా" అని మూత పక్కకు జరిపాడు. "చెయ్యి వెట్టి సూడు."

కళ్ళు గట్టిగా మూసుకుని చెయ్యి లోపల పెట్టాను. నీళ్ళలో ముంచినట్టు చల్లగా, మెత్తగా జారిపోయింది. కళ్ళు తెరిస్తే మోచేతి దాకా చోళ్ళు. మధ్యమధ్య ఎండిన వేపాకు.

"ఈ ఇంట్ల ఎలుక దూరని పెట్టె ఇదొక్కటే. నా కోసం నేనే చేసుకున్న. నేను పోయేదాక ఖాళీగ ఎందుకుండాలె? విత్తనం పోసిన" అన్నాడు. ఆయన నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆ చెయ్యి ఎన్నిసార్లు కడుక్కున్నా చల్లగానే ఉన్నట్టనిపించింది.

ఆ వానాకాలం మా ఊళ్ళో పశువులకు గొంతులు వాచాయి. పొద్దున మేతకు వెళ్ళిన ఆవు సాయంత్రానికి పడిపోయేది. అదే రోజుల్లో మా చిన్నాన్న కొడుక్కి జ్వరం తగులుకుని, పిల్లాడు నిద్రలో ఏవేవో మాటలు మాట్లాడేవాడు. ఇంట్లో శవపెట్టె పెట్టుకున్నవాడు, శ్మశానం పక్కన పంట తీసేవాడు, కనిపించని మనుషులతో పాటలు పాడేవాడు. ఊరికి ఇంకేం కావాలి. మొదట గెడ్డ దగ్గర ఆడవాళ్ళు అన్నారు, తరువాత సంతలో మగవాళ్ళు అన్నారు. చిల్లంగి. మా ప్రాంతంలో చేతబడికి ఆ పేరు. అది ఒకసారి ఒకరి మీద పడిందంటే, ఆ మనిషి ఇల్లు మిగిలేది కాదు, మనిషీ మిగిలేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం, మబ్బు కమ్మి పట్టపగలే మసకగా ఉన్నప్పుడు, కర్రలు పట్టుకుని ఊరంతా ఆ ఇంటికి వెళ్ళింది. మా నాయన పని మీద రాయగడ వెళ్ళాడు. చిన్నాన్న అందరికంటే ముందున్నాడు. మా నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని వెనకాల వచ్చింది. అంతమంది ఉన్నా ఎవరూ అరవలేదు. బురదలో కాళ్ళ చప్పుడు తప్ప మరేం లేదు. నాకు ఇప్పటికీ గుర్తుకొచ్చి ఒళ్ళు జలదరించేది ఆ నిశ్శబ్దమే.

ఊరిపెద్ద పళ్ళెంలో కర్పూరం వెలిగించి ముందుకు చాపాడు. "అమ్మోరి మీద పెమాణం సెయ్యి. నువ్వు సెయ్యనేదని సెప్పు. ఎల్లిపోతాం."

పాలమూరు మామ ఆ మంట వైపు చూశాడు. వెనక గుమ్మంలో భార్యా, ముగ్గురు పిల్లలూ ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు.

"ఒట్టు వెట్టను పెద్దయ్యా. మీ దేవత మీదనే కాదు, మా దేవుని మీద గూడ వెట్టను. నేను చెయ్యలేదంటే చెయ్యలేదు. గంతే."

"ఒట్టెయ్యనోడంటే సేసినోడే" అన్నాడు చిన్నాన్న. కర్ర లేచింది. ఆయన చెవి పక్కన తగిలింది. రక్తం మెడ మీదికి కారింది. ఆయన చేతులు కదల్చలేదు. ఊడిన తలగుడ్డ బురదలోంచి తీసి దులుపుకుని, మళ్ళీ అక్కడే నిలబడ్డాడు. రెండో కర్ర లేవబోతుంటే మా నాయనమ్మ నన్ను లాక్కుంటూ జనం మధ్యలోంచి నడిచింది. నేరుగా వెళ్ళి ఆ ఇంటి అరుగు మీద కూర్చుంది.

"దాహవేస్తంది. కాసింత అంబలి ఎట్టమ్మా" అంది లోపలికి చూసి.

ఆ ఇంట్లో మేము మంచినీళ్ళు కూడా తాగకూడదు. కులం ఒక కారణం. ఇప్పుడైతే అంతకంటే పెద్ద కారణం. చిల్లంగివాడి చేతి తిండి గొంతు దిగితే మనిషి పొద్దు గుంకే లోపల పోతాడని అందరికీ తెలుసు. పాలమూరు మామ భార్య కంచుగిన్నెలో చోడి అంబలి తెచ్చింది. నాయనమ్మ సగం తాగి, మూతి తుడుచుకుని, గిన్నె నాకు అందించింది.

"తాగు, అమ్మీ."

నేను ఆవిడ మొహంలోకి చూశాను. నవ్వు లేదు, కోపం లేదు. తాగాను. పుల్లగా ఉంది. చచ్చిపోతానని ఖాయంగా అనుకుంటూ గిన్నె ఖాళీ చేశాను.

నాయనమ్మ చిన్నాన్న వైపు తిరిగింది. "ఈళ్ళు సంపే వోళ్ళయితే పొద్దు గుంకేసరికి నానూ నీ అన్న కూతురూ పోతాం. ఇక్కడే కూకుంటాం. నువ్వూ కూకో. సూద్దాం."

అందరూ కూర్చున్నారు. బురదలోనే, కర్రలు ఒళ్ళో పెట్టుకుని. నాయనమ్మ ఆ ఇంటి చేటలోని చిక్కుడుకాయలు తీసుకుని ఈనెలు తీస్తూ కూర్చుంది. ఊరంతా నా వైపు చూస్తోంది. నన్ను ఎత్తుకుని తిరిగినవాళ్ళు, పండక్కి నాకు అరిసెలు పెట్టినవాళ్ళు, రెప్ప వెయ్యకుండా నేను ఎప్పుడు పడిపోతానా అని చూస్తున్నారు. దగ్గు వస్తే ఆపుకున్నాను. నిద్ర వస్తే తొడ గిల్లుకున్నాను. చిన్నగా జల్లు పడి ఆగింది. కొండమీద మబ్బు గెడ్డ దాకా దిగి మళ్ళీ లేచింది. చీకటి పడుతుండగా ఒకరు లేచారు. తరువాత మరొకరు. చివరికి చిన్నాన్న ఒక్కడే మిగిలాడు, ఆయనా కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు. పిల్లాణ్ణి మర్నాడు గుణుపూరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు, బతికాడు. పశువుల డాక్టరు వచ్చి మిగిలిన మందకు సూదులు వేశాడు.

ఇంటికి నడుస్తుంటే అడిగాను, "నీకు బయ్యం వెయ్యనేదా నాయనమ్మా?"

"వేసింది, అమ్మీ. ఎందుకెయ్యదు" అంది.

ఆ ఏడు చివర్లో తుఫాను వానకు కళ్ళాల్లోని చోళ్ళకుప్పలు తడిసి బూజు పట్టాయి. ఊళ్ళో విత్తనం లేకుండా పోయింది. ముందే నూర్చి వేగిస పెట్టెలో పోసుకున్న పాలమూరు మామ విత్తనం ఒక్కటే మిగిలింది. ఆయన దగ్గరికి వెళ్ళి అడగడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. ఎండాకాలంలో ఆయన్ని మా కొండ జ్వరం పట్టుకుంది. వారం తిరక్కముందే పోయాడు. పోయే ముందు భార్యతో ఒక్కటే చెప్పాడట, పెట్టెలోవి మన ఇంటికి దాచుకోవద్దు, అన్ని ఇండ్లకు పోవాలె అని.

ఆయన్ని అందులో పడుకోబెట్టాలంటే పెట్టె ఖాళీ కావాలి. ఆ ఉదయం తండ్రి శవం చాప మీద ఉండగా, ఆ ముగ్గురు పిల్లలు చేటలతో చోళ్ళు తోడి ఇంటింటికీ పట్టుకెళ్ళి ఇచ్చారు. మా ఇంటికి వచ్చారు, చిన్నాన్న ఇంటికీ వెళ్ళారు. ఏడవడం లేదు. చేట గుమ్మంలో వొంచి, మళ్ళీ వెనక్కి వెళ్ళి నింపుకునేవారు. శవపెట్టె విత్తనం వద్దని ఎవరూ నోటితో అనలేదు. వాళ్ళు వీధి మలుపు తిరగగానే చిన్నాన్న దాన్ని పెంటకుప్ప మీద పారబోశాడు. ఇంకా చాలామంది అదే చేశారు.

డప్పులు లేవు, పూలు లేవు. పాడుతూ తీసుకెళ్ళారు. మొయ్యడానికి మా నాయనా, కొండమీది సవర రైతులు ఇద్దరూ వచ్చారు. నాలుగో భుజం పెద్ద కూతురు పట్టింది. నాలుగు గొంతులు పాడాల్సిన పాట ఆ రోజు అడుగు గొంతు లేకుండానే సాగింది. పాట కలిసే చోటు వచ్చినప్పుడు, లేని ఆ గొంతు కూడా నాకు వినిపించింది. చిన్నపిల్లని కాబట్టి అలా అనిపించిందేమో. ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

తొలకరి పడ్డాక ఒక పొద్దున ఊరంతా వీధిలోకి వచ్చి నిలబడింది. ఆయన గుమ్మం నుంచి శ్మశానం దాకా, శవాన్ని మోసుకెళ్ళిన దారంతా, సన్నగా పచ్చటి గీత మొలిచింది. దారి మలుపు తిరిగిన చోట అదీ తిరిగింది. మోసేవాళ్ళు భుజం మార్చుకోవడానికి ఆగిన చోట గుంపుగా ఉంది. పిల్లలం ఊపిరి బిగబట్టి చూశాం. ఊరిపెద్ద చేతులెత్తి దండం పెట్టాడు.

"సెక్కల సందుల్లో గింజలుండిపోయేయి. రాలేయి, మొలిసేయి. అంతే" అంది నాయనమ్మ. కానీ ఆవిడా ఆ గీత దాటలేదు. చుట్టూ తిరిగి ఇంటికి వచ్చింది. ఆ పంట కోసేదాకా మా ఊరి పశువుల్ని కూడా ఆ దారిన తోలలేదు. పెంటకుప్పల మీద పారబోసినవి ఇంకా ఏపుగా లేచాయి. చిన్నాన్న ఒకరోజు చడీచప్పుడు లేకుండా ఆ నారు పీకి పొలంలో నాటుకున్నాడు.

ఇప్పుడు నేను కొరాపుట్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఊళ్ళు మారాయి, మనుషుల మీద పడే మాటలు మారలేదు. ఆ ఇంటివాళ్ళతో జాగ్రత్త అని, ఆవిడ చెయ్యి మంచిది కాదని, వాళ్ళ జబ్బు అంటుకుంటుందని ఎవరో ఒకరు మెట్ల దగ్గర గొంతు తగ్గించి చెబుతూనే ఉంటారు. విన్నప్పుడు చెప్పులు వేసుకుని ఆ ఇంటికి వెళ్తాను. కూర్చుంటాను. తాగడానికి ఏదైనా ఇమ్మని అడుగుతాను. ఇన్నేళ్ళలో ధైర్యం వచ్చి ఉంటుందని మా అమ్మాయి అనుకుంటుంది. రాలేదు. గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్న ప్రతిసారీ భయం వేస్తుంది. వేసినా తాగుతాను.