దుబాయిల యాడ?

గ్లోరీ చదివింది ఐటీఐ, పట్టింది స్పానర్. జహీరాబాద్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద బోల్టులు బిగిస్తూనే, సైన్యానికి బండ్లు తయారుచేసే ఒక సర్కారు కార్ఖానాలో ఫిట్టర్ పరీక్ష రాసి నెగ్గింది. ఇక మిగిలింది సెక్యూరిటీ క్లియరెన్స్ ఒక్కటే. అక్కడే గొంతులో పచ్చి వెలక్కాయ పడింది.

సంగతి ఆమె తల్లి నాగరాణిది. భర్త పోయాక పరాయి దేశంలో ఒక ఇంట్లో వంటకు కుదిరి, పిల్ల చదువుకూ ఇంటి కప్పుకూ తనే డబ్బు పంపింది. విదేశాల్లో బంధువులెవరైనా ఉన్నారా అని ఫారం అడిగితే గ్లోరీ ‘అమ్మ, దుబాయి’ అని రాసింది. బ్యాంకు కాగితాలు చూస్తే ఆ డబ్బంతా మస్కట్ నుంచి వచ్చింది. ఇంకేముంది, ఎంక్వైరీ పడింది.

మేనమామ వెస్లీ ఉరుకులు పరుగుల మీద వచ్చాడు. “అమ్మతోని మాటల్లేవని రాసియ్యి బిడ్డా. పైసలు గూడ బంద్ జేసిందని చెప్పు. ఒక్క ముక్కతోని పనైతది.”

“మాటల్లేవని ఎట్ల రాస్త మామా? పొద్దుగాలనే మాట్లాడిన.”

మర్నాడు ఫోన్‌లో తల్లిదీ అదే పాట. “నా పేరు తీసెయ్యి బిడ్డా. నీ నౌకరికంటె నా పేరు ఎక్కువనా?”

గ్లోరీకి ఒళ్లు మండిపోయింది. పరాయి పొయ్యి దగ్గర చేతులు కాల్చుకుని తనను పెంచిన మనిషి, కూతురి కాగితంలోంచి తనే తప్పుకుంటానంటుందా? ఎందుకు తప్పుకోవాలి? ఎవరి సొమ్ము దోచుకుందని?

ఎంక్వైరీ అధికారి ఇంటికే వచ్చాడు. కుర్చీలో కూర్చుంటూనే, “దుబాయి అని అబద్ధం ఎందుకు రాశావమ్మా?” అన్నాడు.

“అబద్ధం కాదు సార్. మా దిక్కు విమానమెక్కి కూలికి పోతే, ఏ దేశం పోయినా దుబాయే.”

ఆయన నమ్మలేదు. గ్లోరీ గడప దగ్గరికి వెళ్లి, ఎదురింటి అరుగు మీద అల్లానికి మట్టి దులుపుతున్న బస్వమ్మను కేకేసింది.

“అత్తా, మీ పెద్దోడు యాడున్నడు?”

“యాడుంటడు, దుబాయిల.”

“దుబాయిల యాడ?”

“కువైట్ల. ఏమాయె?”

అధికారి నవ్వు ఆపుకుంటూ, ఊరి పేరు దిద్దమని ఫారం చేతికిచ్చాడు. ఆమె దిద్ది ఇచ్చేసరికి ఆ నవ్వు పోయింది. “సరే, మీ అమ్మ పరాయి దేశంలో ఒకరి పంచన బతుకుతోంది. రేపెవడో ఆమెను అడ్డం పెట్టుకుని, కార్ఖానా గుట్టు చెప్పమంటే ఏం చేస్తావు?”

గ్లోరీ చూపు తిప్పుకోలేదు. “ముందుగల మీకే వచ్చి చెప్త సార్. అమ్మతోని మాటల్లేవని రాస్తె నౌకరి ఖాయమన్నరు మావోళ్లు. రాయలే. కన్నతల్లినే దాచనిదాన్ని, ఇంకేం దాస్త?”

ఆయన ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకుని వెళ్లాడు.

వానలు పడేనాటికి ఉద్యోగంలో చేరమని ఆర్డర్ వచ్చింది. గ్లోరీ ఫోన్ చేసి చెబితే నాగరాణి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే, “అయితే నా పేరు తీసేసినవన్నట్టు. మంచిపని జేసినవ్ బిడ్డా,” అంది.

“తియ్యలే. ఈసారి మస్కట్ అని గూడ రాసిన.”