రంగూన్‌లో యాభై మాటల పరీక్ష

"అప్పా, కోడిని కొయ్యకు. నీకు నానే ఉత్తరం రాత్తాను."

"రాయి. నాకు సదవడం రాదని తెలిసే కదా రాత్తానంటన్నావు."

రంగూన్ రేవులో, స్టీమరు మెట్ల దగ్గర, నా చెల్లెలు పైడమ్మకూ నాకూ నడిచిన ఆఖరి మాటలివి. మా వైపు అక్కను అప్ప అంటాం. ఇంతకన్నా మంచి మాట ఒకటి అని ఉండాల్సింది. కానీ సమయానికి మంచి మాట నా నోటికి రావడం నా పెళ్ళినాటి నుంచీ లేదు. కోడి సంగతి ముందు ముందు తెలుస్తుంది. నేను చెపుతున్నాను, మా కోడలు రామలక్ష్మి రాస్తోంది. ఐదో తరగతి దాకా చదివింది. ఇందులో తప్పులుంటే ఆమెవి, అబద్ధాలుంటే నావి.

నా మొగుడు పోయి పన్నెండేళ్ళు. పైడమ్మ మొగుడు రంగూన్ ఓడరేవులో బియ్యం బస్తాలు మోసి మోసి అక్కడే పోయాడు. అది తిరిగి రాకుండా ఒక దొరసాని ఇంట్లో పిల్లను ఆడించే ఆయాగా కుదిరింది. దొరది ఆస్ట్రేలియా అనే దేశం. పందెపు గుర్రాలను మేపి పరుగు నేర్పుతాడు. ఎప్పటికైనా చెల్లెలు వస్తుంది, ఇద్దరం ముండమోపులం ఒక పొయ్యి మీద వండుకుని, రోజూ పోట్లాడుకుంటూ బతుకుతామని నా ఆశ.

మాఘమాసంలో ఉత్తరం వచ్చింది. రామలక్ష్మి చూసి, "అత్తా, ఇది చిన్నత్త సొంత చేత్తో రాసినాది, అచ్చరాలన్నీ ఒక పక్కకి ఒరిగిపోనాయి" అంది. దొరసాని వాళ్ళు తమ దేశం వెళ్ళిపోతున్నారట. పాపతో పాటు పైడమ్మనూ రమ్మంటున్నారట. అక్కడ ఓడ దిగేచోట మన బోటివాళ్ళకు ఒక పరీక్ష ఉందట. ఒక అధికారి యాభై మాటలు పైకి చదువుతాడు, తప్పు లేకుండా రాస్తే దిగనిస్తారు, రాయలేకపోతే వెనక్కి పంపేస్తారు. తాను చదువుకుంటున్నానని రాసింది.

అది విన్నాక నేను చేసిన మొదటి పని, అమ్మవారి గుడికి వెళ్ళి, నా చెల్లెలు పరీక్ష తప్పితే నల్లకోడిని ఇస్తానని మొక్కుకోవడం. రెండో పని, అమ్మవారి మీద నమ్మకం చాలక నేనే బయలుదేరడం. టిక్కెట్టుకు నా రెండు మేకలూ పోయాయి.

కళింగపట్నంలో స్టీమరు ఒడ్డుకు రాదు, దూరంగా సముద్రంలో నిలబడుతుంది. పొద్దున్న ఆరింటికి పడవలో మమ్మల్ని దానికి చేర్చారు. "ఏటప్పా, సముద్రం మీద ఇదే మొదలా?" అని పక్కనున్న కూలీ మనిషి అడిగింది. "సముద్రం నాకు కొత్తేటి? దాని ఒడ్డునే పుట్టినాను" అన్నాను. ఆ మాట పూర్తయ్యేలోపలే ఆమె ఒళ్ళో కక్కాను. మంచి మనిషి. నన్ను తిట్టింది గానీ మంచినీళ్ళు కూడా ఇచ్చింది.

వెళ్ళాలనుకునే ఆడవాళ్ళకు ఒక మాట. అటుకులు, బెల్లం, ఎండుచేపలు, ఊరగాయ మీరే తీసుకెళ్ళండి. ఓడ పై తట్టు మీద, ఆరుబయట, ఎవరు ముందు చాప వేస్తే చోటు వాళ్ళది. పొగగొట్టం పక్కన వెచ్చగా ఉంటుందని అక్కడ మాత్రం వేయకండి. నేను వేశాను.

నాలుగో నాడు తెల్లవారేసరికి నీళ్ళు బురద రంగుకు తిరిగాయి. నదిలోకి వచ్చామన్నారు. బంగారు గోపురం కనిపిస్తోందని జనమంతా ఒక పక్కకు పరిగెత్తారు. నేను వెళ్ళేసరికి నా ముందు వీపులే ఉన్నాయి. తరువాత డాక్టరు వరుస. టీకా మచ్చ చూపించి, "నాకేసీసినారు బావూ" అని ఎంత చెప్పినా మళ్ళీ పొడిచాడు. పది గంటలకు రేవులో దిగాను.

పైడమ్మ తెల్లచీర కట్టుకుని, నాలుగేళ్ళ దొరపిల్లను చంకనెత్తుకుని నిలబడి ఉంది. పాప జుట్టు పండిన వరిగడ్డి రంగు. నన్ను ఎగాదిగా చూసి, "పైడీ, ఎవులీ మనిసి? బొగ్గులో పొల్లిందేటి?" అంది. అచ్చం మా ఊరి మాట. ఆస్ట్రేలియా వాళ్ళు మా వైపు వాళ్ళేనా అని ఒక్క క్షణం నాకు అనుమానం వచ్చింది.

రిక్షాను అక్కడ లాంచా అంటారు. లాగేవాడు మన సోంపేట వాడే. "మనూరి ఊసులు సెప్పప్పా, డబ్బులెందుకు" అన్నాడు. దారి పొడుగునా చెప్పించుకున్నాడు, దిగాక డబ్బులూ తీసుకున్నాడు.

దొరగారి బంగళా వెనక, గుర్రాల కొట్టాల పక్కన, పైడమ్మ గది. అక్కడే నా మకాం. దొర పేరుకు గుర్రాలవాడు గానీ ప్రాణమంతా బంతాట మీద. వాళ్ళ దేశం నుంచి పత్రికలు నెలరోజులు ఆలస్యంగా వస్తాయి. ఆట ఎప్పుడో అయిపోయి, ఆడినవాళ్ళు ఇళ్ళకు పోయి నిద్రపోయి ఉంటారు. ఈయన మాత్రం వరండాలో లేచి నిలబడి, పేజీ తిప్పడానికి భయపడుతూ చెమటలు కక్కేవాడు. ఓడిపోయారని తెలిసిన పూట ఇంట్లో అన్నం లేదు. ఆ పూట నేనూ పస్తు. ఆ ఆటలో నా పాలు అంతే.

దొరసాని మెత్తని మనిషి. వాళ్ళ దేశంలో ఆడవాళ్ళు కూడా ఓటు వేస్తారని, వేయకపోతే జరిమానా అని పైడమ్మ చేత నాకు చెప్పించింది.

"మనకి నోరెత్తితే జరిమానా, ఆలకి ఎత్తకపోతేనా?" అన్నాను.

పైడమ్మ అది ఇంగ్లీషులో చెపితే దొరసాని పడీపడీ నవ్వింది. నేను అంత గొప్ప మనిషినని అప్పుడే తెలిసింది.

రోజూ మధ్యాహ్నం మూడింటికి పరీక్ష అభ్యాసం. పైడమ్మ పలకకు ఒక పక్క మన అక్షరాలు, రెండో పక్క దొరసాని అక్షరాలు. మన అక్షరాలు మనవాళ్ళుండే లమ్మడా పేటలో బట్టల కొట్టు శెట్టిగారి భార్య నేర్పింది, ఇంగ్లీషేమో దొరసాని నేర్పింది. దొరసాని పత్రిక చూసి ఒక్కో మాటా చదివేది. పైడమ్మ నాలుక బయటపెట్టి రాసేది. నేను గుమ్మంలో కూర్చుని బలపం కీచుమన్నప్పుడల్లా అమ్మవారిని తలుచుకునేదాన్ని. అది చాలక దగ్గేదాన్ని, దాహమనేదాన్ని. ఒకనాడు తేలు తేలు అని అరిచాను. పాప వచ్చి వెతికి, "నేదు, అప్ప అబద్దాలాడతన్నాది" అని తీర్పు చెప్పింది.

పన్నెండో నాడు పైడమ్మ యాభై మాటలూ ఒక్క తప్పు లేకుండా రాసింది. దొరసాని చప్పట్లు కొట్టింది. పాప కొట్టింది. అందరూ చూస్తున్నారని నేనూ కొట్టాను.

మరునాడు ఆదివారం. నాలుగింటి టీకి వాళ్ళ దేశపు మనిషి ఒకడు వచ్చాడు. ఓడల మీద గుర్రాలను తెచ్చి ఇక్కడ అమ్ముతాడు. దొరసాని మురిసిపోతూ పలక తెచ్చి చూపించింది. అతను చూసి, నవ్వి, బిస్కత్తు నములుతూ ఏదో అన్నాడు. దొరసాని ముఖం మాడిపోయింది. పైడమ్మ పలకను గుండెకు ఆనించుకుంది.

"ఏటంటన్నాడే?"

"ఇంగిలీసొచ్చినోలికి ఇంకో తెల్లోల బాసలో సదువుతారంట. అదీ వొస్తే ఇంకోటి. ఏ బాసైనా అదికారి ఇస్టమంట. ఆ పరీచ్చ రాయడానికి కాదంటప్పా. తప్పడానికంట."

నేను మొక్కుకున్నది సరిగ్గా అదే. సంతోషించాలి. కానీ నాకు ఒళ్ళు మండిపోయింది. "అడుగే ఆయన్ని," అన్నాను, "ఆలూరి గుర్రాలు మన రేవులో దిగినప్పుడు ఎవులైనా తెలుగులో రాయమన్నారేటో!"

పైడమ్మ అడిగింది. ఆయన నవ్వి నవ్వి టీ ఒలకబోసుకున్నాడు. దొరసాని మాత్రం నవ్వలేదు.

రాత్రి భోజనాల దగ్గర దొర వేరే దారి చెప్పాడు. పిల్లల వెంట వచ్చే ఆయాలకు పరీక్ష లేకుండా ఒక కాగితం ఇస్తారట. దాని మీద ఆయా ఫొటో అంటించి, అరచేతికి సిరా పూసి అద్దాలి. గడువు తీరగానే తిరిగి వచ్చేయాలి. మరునాడంతా పైడమ్మ పాపకు నీళ్ళు పోసింది, తల దువ్వింది, అన్నం పెట్టింది. సాయంకాలం వెళ్ళి, రానని దొరసానితో చెప్పేసింది. ఇద్దరూ ఏడ్చుకున్నారు.

గదికి వచ్చి నాతో అంది: "మొదట్లో జీతం తీసుకున్నప్పుడల్లా బొటనేలు అద్దినాను. పేరు రాయడం నేర్సి మూడేల్లయినాది. ఇప్పుడు సెయ్యంతా అద్దమంటే అద్దనప్పా."

నేను నోరు మూసుకుని ఉండాల్సిన చోటు అదే. కానీ చెల్లెలు ఇక నాతో వచ్చేస్తుందన్న సంబరంలో, "అమ్మోరు నా మాట ఇన్నాదే! నువ్వు తప్పితే నల్లకోడినిస్తానని మొక్కినాను" అనేశాను.

పైడమ్మ నా వైపు తిరిగింది. ముఖంలో కోపం లేదు, అందుకే నాకు భయమేసింది.

"అయితే నువ్వూ, ఆ ఓడ దిగేకాడ కూకున్న దొరా ఒకటేనప్పా. నాను తప్పాలనే ఇద్దరూ కాసుకున్నారు."

నేను దీపం ఆర్పి, గోడ వైపు తిరిగి పడుకున్నాను.

మరునాడు ఇంటికి రమ్మని బతిమాలాను. రానంది. శెట్టిగారి భార్య కొట్టు అరుగు మీద చోటు ఇస్తానందట. అక్కడ కూర్చుని పైడమ్మ కూలి ఆడవాళ్ళ కోసం వాళ్ళ ఊళ్ళకు ఉత్తరాలు రాసిపెడుతుందట. "ఊల్లో నాను పోయినోడి పెల్లాన్ని. ఇక్కడ ఉత్తరాల పైడమ్మని" అంది. లమ్మడా దాకా ట్రాములో తీసుకెళ్ళి ఆ అరుగు చూపించింది. రెండు చాపల వెడల్పు. మంచి నీడ.

తిరుగు స్టీమరు పొద్దున్న ఏడింటికి. రేవుకు పైడమ్మ, పాప వచ్చారు. "అప్పా, మల్లీ ఎప్పుడొస్తావు?" అంది పాప. ఆ గుంట వాళ్ళ దేశంలో దిగి ఆ మాటే అంటే ఆ అధికారి ఏ భాషలో రాసుకుంటాడో నాకు తెలియదు. మెట్లెక్కుతుంటే పైడమ్మ కోడి మాట అంది. నేను నా మాట అన్నాను. అంతే.

ఈసారి పొగగొట్టానికి దూరంగా చాప వేసుకున్నాను. గోపురం బాగా కనిపించింది. రంగూన్ ఎలా ఉందని అందరూ అడుగుతారు. ట్రాములు చూశాను, లుంగీలూ చుట్టలూ అమ్మే బర్మా ఆడవాళ్ళను చూశాను. కానీ కళ్ళు మూసుకుంటే ఒక పలకే కనిపిస్తుంది. దాని పక్కన దగ్గుతూ కూర్చున్న ఒక ముసలిది కనిపిస్తుంది.

కోడి సంగతి ఎటూ తేలక పక్క చాప ఆమెను అడిగాను. "పరీచ్చే జరగనప్పుడు తప్పడమేటప్పా? మొక్కు నేదు, ఏటీ నేదు" అంది. కోడి ఇప్పుడు మా పెరట్లోనే ఉంది. గుడ్లు పెడుతోంది. అమ్మవారు ఇంతవరకు ఏమీ అనలేదు. ఉత్తరం ఇంకా రాలేదు.

రామలక్ష్మీ, అంతా రాశావా? యాభై మాటలు ఎప్పుడో దాటేసి ఉంటాం. నేను అనని మంచి మాటలేవైనా మధ్యలో చేర్చావేమో, వింటే తెలిసిపోతుంది. ఏదీ, మొదటి నుంచి చదువు. పైడమ్మ మాటల దగ్గర మాత్రం కొంచెం నిదానంగా చదువు.