బాపు నిలబడిన రేకు

పోయిన వారం కరీంనగర్‌లో వంటింటి అరకు అల్యూమినియం రేకు కొనబోతే దుకాణాదారు "గట్టిదియ్యాల్నా, మెత్తదియ్యాల్నా అమ్మా?" అని అడిగాడు. మామూలు ప్రశ్నే. నాకు మాత్రం హుస్నాబాద్ దగ్గరి మా బావి కళ్లముందుకు వచ్చింది.

మా అక్క భర్త, అంటే మా బావ, కొలిమి ముందు పెరిగిన మనిషి. మా రెండిళ్లదీ కమ్మరి పనే. ఆయన మాత్రం హుస్నాబాద్‌లో రేకుల షాపు పెట్టాడు. ఏ లోహమైనా బతిమాలితే మాట వింటుందని ఆయన నమ్మకం. అక్క వినేది కాదు, అది వేరే సంగతి. బావిలో మోటరు మొరాయించినప్పుడల్లా మా బాపు, అంటే నాన్న, తడి రాళ్ల మీద వంగి పైపు లాగడం చూడలేక, బావి మీది ఇనుప దూలాలపై పరిచి నిలబడటానికి బావ అల్యూమినియం పలక ఒకటి చేయబూనాడు. రేకు మీద 5052, H38 అని అచ్చు ఉంది. అంకె ఏ రకం మిశ్రమమో చెబుతుందట. H పక్కనున్నది, రోలర్ల కింద చల్లగానే నలిపి ఎంత గట్టిపరిచారో చెబుతుందట. అదే O అని ఉంటే కాల్చి మెత్తబరిచిన రేకు. బరువుకు వంగకుండా అంచు మడవబోతే ఆ గట్టి రేకు పగిలింది. బావకు పౌరుషం వచ్చింది. ఇంకో రేకుకు ఒంటి సబ్బు రుద్ది, వేడి సరిపోయిందని తెలిసేలా సబ్బు నల్లబడేదాకా మంట చూపించాడు. అంచులు చపాతీల్లా మడతపడ్డాయి. తరవాత కొడవలికి చేసినట్టే నీళ్లలో ముంచి, "మల్ల గట్టివడ్డది మామా" అని బాపుకు ఇచ్చాడు. బాపు తలూపాడు. మా ఇళ్లలో పుట్టినవాళ్లెవరికీ అందులో అనుమానం రాదు.

మర్నాడు నేను షాపులో చాయ తాగుతుంటే, బావ ఆ రేకులో మిగిలిన ముక్కను ఊరికే కాలితో తొక్కాడు. అది వంగి, వంగినట్టే ఉండిపోయింది. ఆయన ముఖం పాలిపోయింది.

"ఇనుము లెక్క కాదు మరదలా. కాలిస్తే ఇది మెత్తవడ్డది. నీళ్లల్ల ముంచితే సల్లారిందంతే, గట్టివడలే."

బాపు ఫోన్ ఎత్తలేదు. అవ్వకు, అంటే మా అమ్మకు, చేస్తే, "మోటరు తీస్తనని బాయికాడికి వోయిండు" అంది.

బండి వెనక కూర్చుని నేను మొక్కని దేవుడు లేడు. మేం వెళ్లేసరికి బాపు పలక మీదే ఉన్నాడు, మాకు వీపు పెట్టి, రెండు చేతులా పైపు పట్టుకుని. ఆయన కాళ్ల కింద రేకు కుంగిపోయి ఉంది. దాని కింద నల్లటి నీళ్లు. నేను అరవబోతే బావ నా నోరు మూశాడు. బాపు ఉలిక్కిపడి కదిలితే అంతే.

"మామా, జర పైపు ఇడువు. ఎనుకకు అడుగెయ్యి. నేనున్న," అన్నాడు మెల్లగా.

"సగం తీసిన గదా అల్లుడా," అని బాపు గొణిగాడు గానీ అడుగు వెనక్కి వేశాడు. పలక ముందు అంచు ఇనుప దూలం మీంచి జారి వేలాడింది. బావ ఆయన నడుం పట్టి గట్టు మీదికి లాగి, అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. "ఫికర్ జెయ్యకు, నేను పడలే గదా," అని బాపే ఆయన వీపు నిమిరాడు. నాకు ఏడుపు రాలేదు. వేలాడుతున్న పలకను గట్టు మీదికి లాగాను.

తరవాత బావ కాల్చని గట్టి రేకు తెచ్చి, మడత జోలికి పోకుండా అంచులకు ఇనుప పట్టీలు బిగించాడు. దాని మీద బాపు ఏళ్ల తరబడి నిలబడ్డాడు. ఇప్పుడు బాపు లేడు. కుంగిన ఆ మొదటి పలక అక్క పెరట్లో ఉంది. వాన పడితే బాపు నిలబడ్డ చోట పడిన గుంటలో నీళ్లు నిలుస్తాయి. బావ సుత్తి తీస్తే నాలుగు దెబ్బల్లో చదునయ్యేదే, ఆయన తీయడు. కాలం మా ఇంట్లో చాలావాటిని చదును చేసింది గానీ, ఆ గుంట జోలికి మాత్రం మేం ఎవరినీ పోనివ్వలేదు.