గురువారం గడి

మా అత్త పోయింది. మంగళవారం తెల్లవారి ఆరింటికి ఆత్మకూరు నుంచి మామ ఫోన్ చేసి, "పాపా, మీ అత్త పోయింది. నిద్రలోనే పోయింది" అన్నాడు. అంతే. మా ఇళ్లలో చావు కబురు అలా చెప్పరు. మనిషి పోయినా సరే, "నలతగా ఉంది, ఒకసారి వచ్చిపోండి" అనే చెబుతారు, వినేవాళ్లు దారిలో ఏమైపోతారోనని. అవతలివాళ్లకు ఆ మాటలోనే అసలు సంగతి తెలిసిపోతుంది. ఆ పద్ధతి పాటించినందుకే మా అత్త ఆరేళ్లు శిక్ష అనుభవించింది. మామ ఉన్నది ఉన్నట్టు చెప్పింది అందుకేనని ఫోన్ పెట్టేశాక అర్థమైంది.

ఆమె మా నాయనకు చెల్లెలు. మా వాళ్లది సోమశిల డ్యాం నీళ్లలో మునిగిపోయిన ఊరు. ఊరు పోయాక తలా ఒక దిక్కు అయిపోయారు. నాయన ఉదయగిరి చేరాడు. అత్త మెట్టినిల్లు ఆత్మకూరు. చిన్నాన్నల పిల్లలు కలువాయిలో, జలదంకిలో, చెన్నైలో, బెంగళూరులో ఉన్నారు. అందరికంటే పెద్దవాడు మా పెదనాయన బళ్లారిలో చీరల కొట్టు పెట్టుకున్నాడు. ఇన్ని ఇళ్లనూ ఒక్క ఇల్లుగా ఉంచింది మా అత్త ఫోను.

ఇంటికొక రోజు. పొద్దున టిఫిన్లు అయ్యాక సరిగ్గా తొమ్మిదికి చేసేది. సోమవారం కలువాయి, మంగళవారం చెన్నై, గురువారం బళ్లారి. నా వంతు శనివారం. ఉదయగిరి బస్టాండు దగ్గర నాది గాజులూ రిబ్బన్లూ అమ్మే ఫ్యాన్సీ షాపు. శనివారం తొమ్మిదంటే ఊపిరాడని వేళ. సరిగ్గా అప్పుడే మోగేది.

"ఏం లేదు పాపా, ఊరికే" అని మొదలుపెట్టేది. ఆ ఏమీ లేనిది ఇరవై నిమిషాలు చెప్పేది. కలువాయి వాళ్ల బర్రె ఈనింది. చెన్నై వాళ్లకు మూడు రోజులుగా నీళ్ల లారీ రాలేదు. జలదంకి కోడలు గ్రైండరు రాయి మార్పించింది, అయినా పిండి బరకగానే ఉంది. నాకెందుకు చెప్పండి జలదంకి పిండి సంగతి? ఒకసారి విసుక్కుని అదే మాట అనేశాను. అత్తకు కోపం రాలేదు. "పెద్ద కబురైతే ఎవురైనా చెప్తారే. చిన్న కబురు చెప్పేదానికే మనిషి కావాల" అంది.

నిజం చెప్పాలంటే ఆ కబుర్ల వల్లే, పదేళ్ల తర్వాత ఒక పెళ్లిలో చెన్నై చెల్లెలు కనిపిస్తే, బాగున్నావా అని కాకుండా నీళ్ల లారీ వస్తోందా అని అడిగాను. అది పకపకా నవ్వి నా గాజుల షాపుకు కొత్తగా వేయించిన రేకుల గురించి అడిగింది. పదేళ్లు చూసుకోలేదన్న సంగతే ఇద్దరికీ గుర్తు రాలేదు.

పోయిన శనివారం కూడా చేసింది. ఏదో హుషారుగా ఉంది గొంతు. "మీ పెదనాయన ఈ వారం బాగా మాట్లాడినాడే" అంది. "సరేలే అత్తా, షాపులో జనం ఉండారు" అని కట్ చేశాను. అదే చివరి ఫోన్.

ఆ పెదనాయన గొడవ చెప్పాలి. ఆరేళ్ల కిందట, మంచి ఎండాకాలంలో, మా అవ్వ అత్త ఇంట్లోనే మధ్యాహ్నం పూట పోయింది. అవ్వంటే నాయనకూ అత్తకూ పెదనాయనకూ కన్నతల్లి. బళ్లారికి కబురు చెప్పే పని అత్త మీద పడింది. అంతకు ముందు ఏడాదే పెదనాయన గుండెకు స్టెంటు వేశారు. అయినా కారు తనే తోలుకుంటాడు, ఎవరి చేతికీ ఇవ్వడు. అత్త ఫోను పట్టుకొని చాలాసేపు అలాగే నిలబడి, చివరికి "అన్నా, అమ్మకు నలతగా ఉండాది. వీలు చూసుకొని రా" అంది.

మా వైపు ఎవరికైనా అర్థమయ్యే మాట. కానీ ఆయన ఎన్నో ఏళ్లుగా బళ్లారిలో ఉండి ఈ పద్ధతి మరిచిపోయాడు. నలతంటే నలతే అనుకున్నాడు. కొట్లో పెళ్లి బట్టల గిరాకీ ఉంది, అది చూసుకున్నాడు. రాత్రికే బయలుదేరి ఉంటాడని మేమంతా అనుకున్నాం. మర్నాడు పొద్దున చేస్తే, ఇప్పుడే కారెక్కుతున్నానన్నాడు. మధ్యాహ్నం దాకా చూశారు. ఇంక ఉంచలేమని పెద్దలు తొందరపెడితే, పెద్దకొడుకు పెట్టాల్సిన కొరివి మా నాయన పెట్టాడు. పెదనాయన వచ్చేసరికి శ్మశానంలో పొగ మిగిలింది.

ఇంటికి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా గుమ్మంలో నిలబడి, "నా అమ్మకు నేను కొరివి పెట్టకుండా చేసినావు. ఇంక నీ కబుర్లు నాకొద్దు" అన్నాడు అత్తతో. ఆ మాటకు నేను తోడయ్యాను. అందరి ముందూ, "ఉన్నది ఉన్నట్టు చెప్పుంటే ఏం పోయేది అత్తా?" అన్నాను. అత్త సాయంత్రం గిన్నెలు కడుగుతూ నాతో మాత్రం, "దావలో ఆయనకేమన్నా అయ్యుంటే, పాపా?" అంది. నేను చెయ్యి తుడుచుకొని వెళ్లిపోయాను.

ఆ తర్వాత ఆయన ఆత్మకూరు గడప తొక్కలేదు. ఏటా పంపే పుట్టింటి చీర మానేశాడు. కానీ ఫోనులో మెత్తబడ్డాడనే అనుకున్నాం. ఎందుకంటే శనివారం శనివారం అత్త ఆయన సంగతులు చెబుతూనే ఉండేది. మీ పెదనాయనకు దగ్గు పట్టింది. మీ పెదనాయన కొట్లో గిరాకీ బాగుండాది. మనవరాలిని ఇంటికి తెచ్చినారు.

మంగళవారం పొద్దున మామ రెండోసారి ఫోన్ చేశాడు. "మీ పెదనాయనకు నువ్వే చెప్పు పాపా. నీ మాటయితే వింటాడు." నాయన వైపు చూస్తే ఆయన తల అడ్డంగా ఊపాడు. కొరివి పెట్టినప్పటి నుంచి అన్నదమ్ములకూ మాటల్లేవు. ఇంక నేనే.

చెప్పడం ఎంత తేలిక అనుకున్నానో ఆ రోజు! ఇప్పుడాయనకు డెబ్బై దాటాయి. అదే గుండె, అదే కారు, అంతే దూరం. మూడుసార్లు నంబరు నొక్కి మోగకముందే కట్ చేశాను. నాలుగోసారి ఆయన ఎత్తి, "ఏం పాపా, ఇంత పొద్దున్నే?" అన్నాడు.

"ఏం లేదు పెదనాయనా, ఊరికే" అన్నాను.

అత్త మాటలే నోట్లోకి వచ్చేశాయి. ఉదయగిరిలో ఎండలు మండిపోతున్నాయన్నాను. కలువాయి వాళ్లు కాయలు పంపారన్నాను. బెంగళూరు పిల్లకు పన్ను పీకించారన్నాను. ఆపితే అసలు మాట చెప్పాలి, అందుకని ఆపకుండా వాగుతున్నాను.

"ఇయ్యన్నీ చెప్పాల్సింది మీ అత్త గదా" అన్నాడు. "నువ్వు చెప్తా ఉండావేంది?"

బెంగళూరు పిల్ల పన్ను సంగతే మళ్లీ మొదలుపెట్టాను.

"ఎన్నింటికి?" అన్నాడు.

"ఆరింటికి చూసినాడంట మామ. కారు నువ్వు తోలొద్దు పెదనాయనా, నీకు దండం పెడతా" అన్నాను. ఫోను పెట్టేశాడు.

పదింటికల్లా ఆత్మకూరు చేరాం. అత్తను ఐసు పెట్టెలో పడుకోబెట్టారు, ముఖాన ఇంత బొట్టుతో. ముత్తైదువగా పోయిన ఆడపిల్లకు పుట్టింటి చీర కప్పాలి. నాయన ఒకటి తెచ్చాడు. మామ దాన్ని కళ్లకద్దుకొని పక్కన పెట్టి, పెద్దాయన చీర కూడా రావాలి అన్నాడు.

నేను గేటు దగ్గర ఫోను పట్టుకొని నిలబడ్డాను. పన్నెండుకు పెదనాయనకు చేస్తే మోగింది, ఎత్తలేదు. ఒంటిగంటకూ ఎత్తలేదు. రెండింటికి అసలు మోగనే లేదు. బద్వేలు దాటాక కొండల్లో సిగ్నల్ ఉండదని ఎవరో అన్నారు. కొండల్లోకి వచ్చాడో లేదో ఎవరికి తెలుసు? ఆ రోడ్డు మలుపులన్నీ కళ్ల ముందు తిరిగాయి. చెప్పకుండా ఉండాల్సింది అనిపించింది. నలతగా ఉందని చెప్పి ఉండాల్సింది. ఆరేళ్ల కిందట అత్త ఫోను పట్టుకొని ఎందుకు అంతసేపు నిలబడిందో నాకు ఆ గేటు దగ్గర తెలిసింది. చెబుదామంటే మనిషి ఐసు పెట్టెలో ఉంది.

మూడున్నరకు పెద్దలు మొదలుపెట్టారు, పొద్దు గూకక ముందే ఎత్తాలని. పురోహితుడు రెండుసార్లు గడియారం చూశాడు. ఎప్పుడూ గొంతెత్తని మా మామ కుర్చీలోంచి లేవకుండానే, "ఆయన వచ్చేదాకా ఎత్తేది లేదు. తొందరున్నోళ్లు పోవచ్చు" అన్నాడు. ఎవరూ పోలేదు. నాలుగయింది. నాలుగుంపావయింది.

నాలుగున్నరకు కారొచ్చింది. నేను ముందు చూసింది స్టీరింగు వైపు. కొట్లో పనిచేసే మనిషి తోలుతున్నాడు. పెదనాయన వెనక సీట్లో ఒళ్లో చీర పొట్లం పెట్టుకొని కూర్చున్నాడు. ఆయన్ని బతికుండగా చూసినందుకు ఏడ్చాను, అత్త కోసం అప్పటిదాకా ఏడవనిదాన్ని. ఆయన నేరుగా లోపలికి వెళ్లి, చీర మడత విప్పి తన చేత్తోనే కప్పాడు. అంచు రెండుసార్లు సరిచేశాడు, కొట్లో బేరానికి వచ్చినవాళ్లకు చూపించేటప్పుడు చేసినట్టు.

బుధవారం పొద్దున వంటింట్లో ఆయనకు కాఫీ ఇస్తూ, ఓదార్పుగా ఉంటుందని, "గురువారం గురువారం మాట్లాడుకుంటానే ఉండారు గదా పెదనాయనా" అన్నాను.

"మాట్లాడింది అది" అన్నాడు. "ఫోను ఎత్తేవాణ్ణి, వినేవాణ్ణి, పెట్టేసేవాణ్ణి. ఆరేండ్లలో నేనొక్క మాట మాట్లాడలేదు."

మరి ఆ దగ్గు సంగతి, ఆ గిరాకీ సంగతి మాకు ఎలా తెలిసింది? అడగబోతుంటే, పదకొండో రోజు ఏ వారం వస్తుందో చూడాలి, క్యాలెండరు తెమ్మని మామ కేకేశాడు. ఫ్రిజ్జు పక్కన మేకుకు ఆరేళ్ల క్యాలెండర్లు ఒకదాని మీద ఒకటి తగిలించి ఉన్నాయి. అన్నీ కలిపి తీశాను. తారీఖుల గళ్లలో అత్త పెన్సిలు రాత. ఏ ఇంటికి ఏం చెప్పాలో ముందే రాసుకునేది. గురువారం గళ్లలో మాత్రం కింద ఇంకో వరస ఉంది. పెదనాయన కళ్లజోడు కార్లో ఉండిపోయింది, ఏందది, చదవమన్నాడు.

చదివాను. "దగ్గు." "దగ్గు తగ్గింది." "కత్తెర చప్పుడు, గిరాకీ ఉండాది." "తుమ్మినాడు." "కుర్చీ మార్చినాడు, కిర్రు లేదు." "పసిబిడ్డ ఏడుపు." "ఊపిరి బాగుండాది."

ఆయన మాట్లాడకపోతే ఆయన వెనక చప్పుళ్లు విని రాసుకుంది. ఆరేళ్లు వాటినే కబుర్లు చేసి ఇంటింటికీ చెప్పింది. ఆయనకు కోపం ఉందని మేము మరిచిపోయేలా చెప్పింది. పోయిన గురువారం గడి దగ్గరికి వచ్చాను. పైన "సోమశిలలో నీళ్లు తగ్గినాయి. మన ఇంటి గడప రాయి బయటపడింది, చెప్పాలి" అని ఉంది. దాని కింద, "ఊఁ అన్నాడు" అని రాసి, ఆ మాట కింద కాగితం చిరిగేలా రెండు గీతలు గీసింది.

మీ పెదనాయన ఈ వారం బాగా మాట్లాడినాడే అన్నది దీనికే. షాపులో జనం ఉండారని కట్ చేశాను కదా నేను.

పక్క గడి ఈ గురువారానిది. దాన్లోనూ ముందే రాసిపెట్టింది. "గడప రాయి చూడ్డానికి వస్తావా అని అడగాల." ఆరేళ్ల గళ్లన్నీ తిరగేశాను. అడగాల అన్న మాట ఇంకెక్కడా లేదు.

మూడో రోజు, గురువారం పొద్దున, అస్థికలు సోమశిల తీసుకెళ్లారు. ఆడవాళ్లు రావద్దన్నారు. నేను వింటానా, కారెక్కి కూర్చున్నాను. నీళ్లలో కలపడం అయ్యాక నాయన బీటలు వారిన బురద మీద ముందు నడిచి దారి చూపించాడు. పెదనాయన వెనకే నడిచాడు. అరిగిపోయిన గడప రాయి, దాని మీద ఎండిన నాచు. పెదనాయన పైపంచెతో తుడిచి దాని మీద కూర్చున్నాడు. టైము ఎంతయిందని నన్ను అడిగాడు. తొమ్మిదన్నాను. జేబులోంచి ఫోను తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. మేము కారు దగ్గరికి వచ్చి తిరిగి చూసినా, ఆయన ఇంకా అట్లాగే ఫోనును చూస్తూ కూర్చొని ఉన్నాడు.